సంచి మీద అంకె మన పిల్లల కోసం రాసింది కాదు

చలికాలం మొదలైతే చాలు, మా మల్కాజ్‌గిరి అపార్ట్‌మెంట్ల వాట్సప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. లంబసింగి పోదామా, వనజంగి పోదామా, అంత దూరం ఎందుకు, వికారాబాద్ దగ్గర అనంతగిరిలో ఒక రాత్రి టెంటు వేసుకుందామా అని. ఆ వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది: పిల్లలకు ఏ స్లీపింగ్ బ్యాగు కొనాలి? ఎవరో ఒకరు లింకు పెడతారు. "ఇది సున్నా డిగ్రీల బ్యాగు, కళ్లు మూసుకుని తీసుకోండి" అంటారు. అందరూ బొటనవేలు గుర్తు పెట్టేస్తారు, చర్చ అక్కడితో ముగుస్తుంది.

నాకైతే ఇక్కడే పేచీ. చిన్నపిల్లల విషయంలో ఆ అంకెను నమ్మి కొనకూడదంటాను. ఎందుకంటే ఆ అంకె వాళ్ల కోసం లెక్కగట్టింది కాదు.

ఈ అంకెల కథ తెలిస్తే మీకూ ఆశ్చర్యంగా ఉంటుంది. స్లీపింగ్ బ్యాగుల వెచ్చదనాన్ని కొలవడానికి యూరప్‌లో 2002లో ఈఎన్ 13537 అనే ప్రమాణం వచ్చింది. 2016లో దాని స్థానంలో ఐఎస్ఓ 23537 వచ్చింది. పెద్దమనిషి సైజు బొమ్మను వేడిచేసి, సంచిలో పెట్టి, చల్లటి గదిలో పడుకోబెట్టి కొలుస్తారు. దాన్నుంచి కొన్ని అంకెలు తీస్తారు. "కంఫర్ట్" అనేది సగటు ఆడమనిషి హాయిగా నిద్రపోగల చలి. "లిమిట్" అనేది సగటు మగమనిషి ముడుచుకుని పడుకుంటే తట్టుకోగల చలి. అంటే ఒకే సంచికి ఆడవాళ్ల అంకె వేరు, మగవాళ్ల అంకె వేరు. ఈ సంగతి చెబితే మా వారు, "అందుకేనా రోజూ ఫ్యాను దగ్గర మనకు గొడవ" అన్నారు. ఇక మూడోది "ఎక్స్‌ట్రీమ్". అది నిద్రపోవడానికి కాదు, ప్రాణం నిలుపుకోవడానికి చెప్పే హద్దు. లేబుల్ మీద ఒకే అంకె ఉంటే అది ఈ మూడింటిలో ఏదో అడగండి. అమ్మేవాళ్లు చెప్పలేకపోతే ఆ అంకెకు విలువ లేదనే అనుకోండి.

అసలు విషయం ఇంకోటుంది. ఈ ప్రమాణం పిల్లల సంచులకు వర్తించదని ఆ ప్రమాణంలోనే రాసి ఉంది. ఎంత చలిలో పిల్లల శరీరం ఎలా ఉంటుందో ఆ పద్ధతిలో లెక్కగట్టే మార్గం లేదు కాబట్టి వాళ్లను పక్కన పెట్టేశారు. మరి పిల్లల బ్యాగు మీద కనిపించే "5 డిగ్రీలు" ఎవరు చెప్పినట్టు? చాలావరకు తయారుచేసినవాళ్ల మాటే.

పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల ఒంటికి చిన్న నమూనా కాదు కదా. బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం విస్తీర్ణం ఎక్కువ, అందుకే వేడి త్వరగా పోతుంది. సంచి తనంతట తాను వేడి పుట్టించదు, లోపలున్న మనిషి వేడిని పోకుండా ఆపుతుంది అంతే. అన్నం తినకుండా, ఆడి ఆడి చెమట పట్టిన బట్టలతోనే నిద్రపోయిన పిల్లను ఎంత ఖరీదైన సంచిలో పెట్టినా అర్ధరాత్రికి వణుకుతుంది. పైగా ఆ నిద్రలో జిప్పు ఎక్కడుందో దానికి తెలియదు, చలేస్తోందని చెప్పదు కూడా.

అలాగని హిమాలయాలకు వెళ్లేవాళ్ల సంచి కొనమని కాదు. మల్కాజ్‌గిరిలో డిసెంబరు తెల్లవారుజామున 12, 13 డిగ్రీలకే మనం రెండు దుప్పట్లు లాగుతాం. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ డిసెంబరు, జనవరిలో ఒక అంకె ఉష్ణోగ్రతలు మామూలే, కొన్ని రోజులు సున్నా దగ్గరికీ దిగుతుంది. అనంతగిరిలో అంత ఉండదు. అనంతగిరికి లంబసింగి సంచి తీసుకెళ్తే పిల్లకు చెమట పడుతుంది, ఆ తడే తర్వాత చలి పెడుతుంది. వెళ్లే చోటు రాత్రి ఉష్ణోగ్రత చూసి, కంఫర్ట్ అంకె దానికంటే ఒక 5 డిగ్రీలు తక్కువున్నది తీసుకోవడం నా పద్ధతి. ఆ తర్వాత అంకెను పక్కన పెట్టి మిగతావి చూస్తాను.

మొదటిది కొలత. పెద్దవాళ్ల సంచిలో చిన్నపిల్లను పెడితే కాళ్ల కింద మూరెడు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో గాలినంతా ఆ చిన్న ఒళ్లే వెచ్చబరచాలి. పాదాల కింద జానెడు మించి ఖాళీ ఉండకూడదు. పెద్ద సంచే దిక్కయితే అడుగుభాగాన్ని మడిచి కిందకు తోసి, తాడుతో కట్టేయండి. తల లోపలికి జారిపోకుండా కూడా ఇది కాపాడుతుంది. ముఖం ఎప్పుడూ బయటే ఉండాలి. చెవులకు కుళ్లాయి చాలు.

రెండోది కింద వేసేది. మనవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే. ఒంటి బరువుకు సంచి అడుగున ఉన్న దూది నలిగి పలచబడిపోతుంది, ఇక అది వేడిని ఆపలేదు. నేల చల్లదనం నేరుగా వీపుకు తగులుతుంది. మన అమ్మమ్మలకు ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పాత చీరలు పొరలు పొరలుగా కుట్టిన బొంత పైన కప్పేవాళ్లు, కిందా పరిచేవాళ్లు. మన తెలంగాణ గొర్రెల కాపరుల గొంగడి కూడా అంతే, కప్పుకోవడానికీ పనికొస్తుంది, పరుచుకోవడానికీ పనికొస్తుంది. డబ్బు ఒక్కదానికే ఉంటే నేను ఖరీదైన సంచి కంటే మంచి ఫోమ్ మ్యాట్ కొంటాను. దాని మీద ఇంట్లో ఉన్న బొంత వేస్తాను.

మూడోది లోపలి దూది. పక్షి ఈకల సంచి తేలిక, వెచ్చన, కానీ తడిస్తే నీరసించిపోతుంది. మన కొండల్లో తెల్లారేసరికి టెంటంతా మంచుకు తడిసి ఉంటుంది. రాత్రి పక్క తడిపే పిల్లలుంటే చెప్పనే అక్కర్లేదు. సింథటిక్ దూదిది కాస్త బరువైనా ఉతికి ఆరేయొచ్చు, త్వరగా ఆరుతుంది. అద్దె సంచులు ఇచ్చే చోట ఎప్పుడు ఉతికారో మొహమాటపడకుండా అడగండి. లోపల మన మెత్తటి దుప్పటి ఒకటి వేస్తే సరిపోతుంది.

చంటిపిల్లల మాట వేరు. ఏడాది నిండని పాపను ఇలాంటి సంచిలో అసలు పడుకోబెట్టకూడదు, ముఖం మీదికి గుడ్డ వస్తే తీసేసుకోలేదు. రెండేళ్ల లోపు పిల్లలుంటే ఈ ఏడాదికి టెంటు వద్దు, గది తీసుకుందాం అనడమే నయం. కొండ ఎక్కడికీ పోదు.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. "పిల్లలున్నారు కదమ్మా, కాసేపు నిప్పుల కుంపటి లోపల పెడతాం" అని క్యాంపు మనుషులు మంచి మనసుతోనే అంటారు. ఒప్పుకోకండి. బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన టెంటులో నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మంట ఆరి బూడిద పట్టిన నిప్పులైనా అంతే. గ్యాస్ స్టవ్ కూడా లోపలికి వద్దు. చలి కాగడం బయటే కానిచ్చి, కాళ్లకు వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి పెట్టండి.

ఇవన్నీ అడిగితే మనకు వచ్చే బిరుదు తెలుసు కదా, "నీది మరీ అతి". సరదాగా వెళ్తుంటే భయపెడుతున్నావంటారు. కానీ రాత్రి రెండింటికి పిల్ల ఏడిస్తే లేచేది ఎవరు? మెడ వెనక చెయ్యి పెట్టి చూసేది ఎవరు? అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటే సరిపోయినట్టు. తడిగా ఉంటే జిప్పు కాస్త దించాలి. చల్లగా ఉంటే ఇంకో పొర వేయాలి. లేచి చూసే బాధ్యత మనదైనప్పుడు ఏ సంచి కొనాలో, అసలు వెళ్లాలో వద్దో చెప్పే మాట కూడా మనదే అవ్వాలి. ఆ మాట టికెట్లు బుక్ చేసే ముందే అడగాలి, సామాన్లు సర్దేటప్పుడు కాదు.

సంక్రాంతి సెలవులకు బయల్దేరేవాళ్లు ఒక పని చేయండి. వెళ్లే ముందు వారం ఒక రాత్రి బాల్కనీలోనో మేడ మీదో అదే మ్యాటు, అదే సంచి వేసి, మీరు పక్కనే ఉండి పిల్లను పడుకోబెట్టండి. జిప్పు తీయడం నేర్పండి. కాళ్లు ఎక్కడిదాకా వస్తున్నాయో, తెల్లారేసరికి వీపు ఎలా ఉందో చూడండి. లేబుల్ చెప్పని సంగతులు ఆ ఒక్క రాత్రిలో మీకే తెలిసిపోతాయి. సరిపోకపోతే నాలుగు మెట్లు దిగితే ఇల్లే కదా.