పేరు బారెడు, స్క్రీన్ జానెడు

కుందుర్పి. మన కంటికి ఇది మూడే అక్షరాలు. కుం, దు, ర్పి. అదే పేరు ఫైల్‌కి పెడితే కంప్యూటర్ తొమ్మిది గుర్తులుగా చూస్తుంది. క, కొమ్ము, సున్నా, ద, మళ్లీ కొమ్ము, ర, పొల్లు, ప, గుడి. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. అంటే మూడక్షరాల మా ఊరు డిస్క్ మీద 27 బైట్లు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 8 బైట్లతో పని అయిపోతుంది.

ఈ వారం కథ ఈ లెక్కల గురించే. ఫైల్ పేర్లు పొడుగైతే ఏమవుతుంది, నల్ల స్క్రీన్ మీద వాటిని ఎలా కుదించి చూడాలి, అసలు చూపు కుదించాలా పేరు కుదించాలా?

"మేం ఫోన్ వాళ్లం, నల్ల స్క్రీన్‌తో మాకేం పని" అనకండి. టెర్మక్స్ అనే యాప్ వేసుకుంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే లైనక్స్ కమాండ్లు నడుస్తాయి. లాప్‌టాప్ లేకుండా కోడింగ్ మొదలుపెట్టే పిల్లలు చాలామంది అక్కడే మొదలుపెడతారు. ఫోన్‌లో ఫోటోలు, డౌన్‌లోడ్లు దానికి కనబడాలంటే ఒకసారి 'టెర్మక్స్-సెటప్-స్టోరేజ్' కమాండ్ కొట్టి పర్మిషన్ ఇవ్వాలి. అంతే.

మాకాడ శనక్కాయే ప్రధాన పంట. చెట్టు పీకి చేనులో ఆరేసినప్పుడు వాన వచ్చిందంటే నోటికాడి కూడు పోయినట్టే. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన కింద ఉన్న పంటలకు ఇలాంటి నష్టం జరిగితే 72 గంటల్లోపు కబురు చెయ్యాలన్నది రూలు. అప్పుడు ఊళ్లో ఫోన్ పట్టడం తెలిసిన ప్రతి కుర్రోడూ ఫోటోగ్రాఫరే. పెదనాన్న చేను, మేనత్త చేను, పక్కింటాయన చేను, అన్నీ ఒకే ఫోన్‌లో. తీయడం తేలికే. మూడోరోజు సాయంత్రం ఎవరి చేను ఫోటో ఏదో వెతకడమే కష్టం. ఒకరి ఫోటో ఇంకొకరి కాగితాలతో వెళ్లిందంటే ఆ ఇంటికి ఏడాది దెబ్బ.

కాస్త బుద్ధిమంతుడైన కుర్రోడు పేర్లు వివరంగా పెడతాడు. 'కుందుర్పి-గ్రౌండ్‌నట్-డ్యామేజ్-2024-10-21-నార్త్-01.జేపీజీ' అని పెట్టాడనుకోండి. ఇంగ్లీషులో టైప్ చేస్తే ఈ పేరు 49 అక్షరాలు. ఫోన్ నిలువుగా పట్టుకుంటే టెర్మినల్ వెడల్పు 45 అక్షరాలు అనుకుందాం. ఒక్కో పేరు విరిగి రెండో లైన్లో పడుతుంది. నార్త్ చేనువి 15, సౌత్ చేనువి 15, మొత్తం 30 ఫోటోలు ఉంటే 60 లైన్లు. స్క్రోల్ చేసీ చేసీ బొటనవేలు అరిగిపోవాల్సిందే.

ఫైళ్ల జాబితా చూపే కమాండ్ పేరు ఎల్ఎస్. 1971లో వచ్చిన యూనిక్స్ తొలి ఎడిషన్ నుంచే ఉంది. ఆ రోజుల్లో దానికి ఈ తలనొప్పి తక్కువ. పాత యూనిక్స్‌లో ఫైల్ పేరు 14 అక్షరాలు దాటకూడదు. డాస్‌లో ఇంకా ఘోరం, పేరుకి 8, చుక్క తర్వాత 3. తర్వాత బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు 1983లో వదిలిన 4.2 బీఎస్‌డీలో హద్దు 255కి పెరిగింది. మామూలు పీసీ వాళ్లకి ఆ సుఖం విండోస్ 95తో వచ్చింది. పేర్లు పెరిగాయి సరే, స్క్రీన్ మాత్రం పెరిగినట్టే పెరిగి మళ్లీ మన అరచేతిలోకి వచ్చేసింది.

ఎల్ఎస్ పేర్లని వరసలుగా పేరుస్తుంది. లైనక్స్‌లో ఉండే గ్నూ ఎల్ఎస్ ఏ వరసకి ఆ వరసలోని పొడుగు పేరుని కొలిచి జాగా ఇస్తుంది, వరసకీ వరసకీ మధ్య రెండు ఖాళీలు వదులుతుంది. మ్యాక్‌లో ఉండే ఎల్ఎస్ అన్నింట్లోకి పొడుగైన ఒక్క పేరునే కొలతగా పట్టుకుని వరసలన్నిటికీ అదే వెడల్పు ఇస్తుంది. అంటే అక్కడ ఒక్క బారెడు పేరు వందమంది ముందు అడ్డంగా నిలబడ్డట్టే.

ఇక మందులు చూద్దాం. ముందు ఏమీ మార్చకుండా చూపు మాత్రమే కుదించేవి.

ఒకటి, ఫోన్ అడ్డంగా తిప్పండి. నవ్వకండి, ఇది నిజంగానే పనిచేస్తుంది. వాట్సాప్ ఫోటో పేరు మామూలుగా 23 అక్షరాలు ఉంటుంది. 45 వెడల్పులో రెండు పేర్లు పక్కపక్కన పట్టవు, 48 కావాలి. తిప్పితే 90 వస్తుందనుకోండి, మూడు వరసలు హాయిగా పడతాయి. టెర్మక్స్‌లో రెండువేళ్లతో అక్షరాలు చిన్నవి చేసినా ఇదే లాభం.

రెండు, ఎల్ఎస్ పక్కన మైనస్ ఎమ్ పెట్టండి. వరసలు వదిలేసి పేర్లన్నీ కామాలతో పేరాలాగా రాసేస్తుంది. కొన్ని పేర్లు పొట్టి, కొన్ని పొడుగు ఉన్నప్పుడు జాగా బాగా మిగులుతుంది.

మూడు, మైనస్ ఎల్ అలవాటు తగ్గించండి. అది పర్మిషన్లు, ఓనర్, గ్రూప్, సైజు, తేదీ అన్నీ చెప్తుంది. ఫోన్‌లో పేరు మొదలవ్వక ముందే నలభై, యాభై అక్షరాలు మింగేస్తుంది. సైజు ఒక్కటే కావాలంటే మైనస్ ఎస్‌హెచ్ చాలు. తేదీ కూడా కావాలంటే మైనస్ జీఓ. ఓనర్, గ్రూప్ రెండూ పోతాయి. మీ ఫోన్‌కి ఓనర్ మీరేగా, ప్రతి లైన్లో అది చదవడం దేనికి?

నాలుగు, పేరులో ఖాళీలో బ్రాకెట్లో ఉంటే 2016 నుంచి గ్నూ ఎల్ఎస్ దాని చుట్టూ కోట్ గుర్తులు పెడుతోంది. వద్దనుకుంటే మైనస్ క్యాపిటల్ ఎన్.

ఐదోది కోత. ఎల్ఎస్ జాబితాని పైప్ గుర్తుతో కట్ అనే కమాండ్‌కి పంపి, మొదటి 20 అక్షరాలే ఉంచమనొచ్చు. పైప్‌లోకి వెళ్లేటప్పుడు ఎల్ఎస్ లైన్‌కి ఒక్క పేరే పంపిస్తుంది కాబట్టి కోత తేలికే. చివర్లో కాలమ్ అనే కమాండ్ తగిలిస్తే మళ్లీ వరసల్లో పేరుస్తుంది. చాలామంది ఇచ్చే సలహా ఇదే.

కానీ మన శనక్కాయ ఫోటోల మీద ప్రయోగించి చూడండి. మొదటి 20 అక్షరాలు ఉంచితే ముప్పై పేర్లూ 'కుందుర్పి-గ్రౌండ్‌నట్-డ్' దగ్గర తెగుతాయి. ముప్పై మందికీ ఒకే పేరు! నార్త్ ఏదో సౌత్ ఏదో చెప్పే ముక్క తోకలో ఉంది, మనం తోకే కోసేశాం. అలాంటప్పుడు తలని కొయ్యాలి. దానికో తమాషా కిటుకు ఉంది. రెవ్ అనే కమాండ్ ప్రతి లైన్‌ని తిరగేస్తుంది. ఎల్ఎస్ తర్వాత రెవ్, తర్వాత 12 అక్షరాలకు కట్, మళ్లీ రెవ్. తిరగేసి, కోసి, మళ్లీ తిరగేస్తే చివరి 12 అక్షరాలు మిగుల్తాయి. 'నార్త్-01.జేపీజీ' కళ్లెదుట ఉంటుంది. నచ్చితే దీనికో అలియాస్ పెట్టుకుని డాట్ బాష్ఆర్‌సీ ఫైల్‌లో రాసుకోండి.

ఒక్క హెచ్చరిక. కోసిన పేరు చూడ్డానికే. దాన్ని కాపీ చేసి ఫైల్ తీసెయ్యడానికో జరపడానికో వాడకండి. ఆ పేరుతో డిస్క్ మీద ఫైల్ ఉండదు, లేదంటే ఇంకేదో ఫైల్ ఉంటుంది. రెండోది మరీ ప్రమాదం.

ఇవన్నీ పైపూత మందులు. అసలు జబ్బు వేరే ఉంది. మన ఇళ్లలో ఇంటిపేరు సంగతి ఆలోచించండి. రేషన్ కార్డులో ఉంటుంది, పెళ్లిపత్రికలో ఉంటుంది. ఇంట్లో అన్నం తినడానికి పిలిచేటప్పుడు ఎవరైనా ఇంటిపేరుతో పిలుస్తారా? ఆ గడప లోపల అందరిదీ అదే ఇంటిపేరు కాబట్టి అక్కర్లేదు. ఫైళ్లకీ అదే న్యాయం. అందరికీ ఉమ్మడిగా ఉన్న ముక్క ఫోల్డర్ పేరవ్వాలి. తేడా ఉన్న ముక్కే ఫైల్ పేరవ్వాలి.

మన 49 అక్షరాల పేరులో మొదటి 37 అందరిదీ. వాటిని విడగొట్టి కుందుర్పి ఫోల్డర్, అందులో గ్రౌండ్‌నట్-డ్యామేజ్, అందులో 2024-10-21 అని మూడు గడపలు కట్టండి. లోపల మిగిలేది 12 అక్షరాల పేరు. 45 వెడల్పులో మూడు వరసలు పడతాయి. 60 లైన్ల జాబితా 10 లైన్లకి దిగింది, ఒక్క అక్షరం సమాచారం పోలేదు.

పేర్లు మార్చడానికి ఫర్ లూప్, ఎమ్‌వీ కమాండ్ చాలు. బాష్‌లో వేరియబుల్ పేరు పక్కన హ్యాష్ గుర్తు పెట్టి, తీసెయ్యాల్సిన ముందుభాగం రాసి, మొత్తం కర్లీ బ్రాకెట్లలో పెడితే మిగతా పేరు వస్తుంది. కానీ రెండు జాగ్రత్తలు. మొదటిసారి ఎమ్‌వీ ముందు ఎకో పెట్టి నడపండి. ఏం చెయ్యబోతోందో రాసి చూపిస్తుంది, చెయ్యదు. రెండోది, ఎమ్‌వీకి మైనస్ ఎన్ తగిలించండి. అదే పేరుతో ఇంకో ఫైల్ అప్పటికే ఉంటే దాన్ని తుడిచెయ్యకుండా ఆగుతుంది. వాట్సాప్ ఫోటోలతో ఇది మరీ ముఖ్యం. పేరులోంచి తేదీ తీసేస్తే సోమవారం 0007, మంగళవారం 0007 ఒకే పేరైపోతాయి. మైనస్ ఎన్ లేకపోతే ఒక చేను ఫోటో చప్పుడు లేకుండా మాయం. తేదీని పారెయ్యకండి, ఫోల్డర్‌కి ఎక్కించండి.

ఇప్పుడు మొదట్లో చెప్పిన తెలుగు సంగతికి వద్దాం. లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఒక పేరుకి హద్దు 255 బైట్లు. మూడేసి చొప్పున తెలుగు గుర్తులు 85 పడతాయి. కుందుర్పి అన్న మాట తొమ్మిదిసార్లు రాస్తే 243, పదోసారికి చోటు లేదు. ఇంకో చిక్కు, చాలా లైనక్సుల్లో కట్ కమాండ్ అక్షరాలు కొయ్యమన్నా బైట్లే కోస్తుంది. 20 దగ్గర కోస్తే ఆరు గుర్తులకి 18 అయిపోయి, ఏడో గుర్తు మధ్యలో కత్తి పడుతుంది. స్క్రీన్ మీద అర్థంకాని పెట్టె కనిపిస్తుంది. వరసలూ అంతే. కొమ్ములు, ఒత్తులు ఎంత జాగా తీసుకుంటాయన్నది ఒక్కో టెర్మినల్ ఒక్కోలా లెక్కేస్తుంది కాబట్టి వరసలు వంకరపోతాయి.

అందుకని తెలుగులో పేర్లు మానేద్దామా? నేను మానను. ఆ ఫోన్ రేపు అమ్మ చేతిలో ఉంటుంది. ఆమెకి 'గ్రౌండ్‌నట్-డ్యామేజ్' కన్నా 'పైచేను' అన్న ఫోల్డరే దారి చూపిస్తుంది. నా పద్ధతి ఇది. ఫోల్డర్లకి తెలుగు పేర్లు, పొట్టిగా. లోపల ఫైళ్లకి అంకెలు, 01 నుంచి. తెలుగు ఫోల్డర్లు చూసేటప్పుడు ఎల్ఎస్ మైనస్ 1, లైన్‌కి ఒక్క పేరు. వరసలే లేనప్పుడు వంకరపోయేదేముంది? లోపలికి వెళ్లాక మామూలు ఎల్ఎస్.

ఈ వారం హోంవర్క్. మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరవండి. అడంగల్, వన్‌బీ, ఆధార్, మార్కుల మెమో అన్నీ ఒకే కుప్పలో ఉంటాయి, చాలావాటికి చివర బ్రాకెట్లో ఒకటి, రెండు, మూడు. మనిషికో ఫోల్డర్ చెయ్యండి, ఎవరి కాగితం వాళ్ల గడపలో పెట్టండి. పావుగంట పని. మీసేవలో క్యూ కదిలి మీ వంతు వచ్చినప్పుడు ఆ పావుగంట విలువ తెలుస్తుంది.

వచ్చే వారం ఇంకో కమాండ్‌తో కలుద్దాం.