నడిరేయి లేచే బిడ్డ, నిద్ర కరువైన తల్లి

ఏడాదిన్నర బిడ్డ నడిరేయి లేచి ఏడుపు అందుకుంటే మన ఇళ్లలో మొట్టమొదట వెలువడే ప్రశ్న తల్లిని ఉద్దేశించినదే. సాయంత్రం ఏం తినిపించావు? పాలు చాలలేదా? ఎవరి దిష్టి తగలనిచ్చావు? ప్రశ్నించినవారు అటు తిరిగి పడుకుంటారు. జవాబు చెప్పవలసిన ఇల్లాలు మాత్రం బిడ్డను భుజాన వేసుకొని గదిలో పచార్లు చేస్తుంది. ఆమె పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పనిచేసే తల్లి అయితే, నిద్రలేని ఆ కళ్లతోనే ఉదయం పిక్కలు కోసే బల్ల ముందు కూర్చోవాలి. జీడిపిక్క పెంకులోని రసం చర్మాన్ని కాలుస్తుంది. కోసే కత్తి ఏమరుపాటును మన్నించదు. పసిపిల్లల రాత్రి మెలకువలను ఈ నెల ఈ శీర్షికలో చేపట్టడానికి కారణం అదే. బిడ్డ నిద్ర చెడితే మర్నాడు తల్లి వేళ్లకు ప్రమాదం.

మొదట ఒక సంగతి స్పష్టం చేసుకుందాం. రాత్రి మెలకువ రావడం జబ్బు కాదు. పెద్దలమూ రాత్రి పలుమార్లు మేల్కొంటాం. ఒత్తిగిలి మళ్లీ నిద్రలోకి జారుకుంటాం కనుక తెల్లవారాక గుర్తుండదు. పెద్దల నిద్ర సుమారు తొంభై నిమిషాలకు ఒక ఆవృత్తంగా సాగుతుంది. పసివారి ఆవృత్తం అంతకంటే చిన్నది, గంట కాలం ఉంటుంది. ప్రతి ఆవృత్తం చివర నిద్ర పలచబడుతుంది. గాఢనిద్ర రాత్రి తొలి భాగంలోనే అధికం. ఫజ్ర్ సమీపించేకొద్దీ నిద్ర తేలికవుతుంది. రెండు, మూడు గంటల వేళ ఏడుపు వినిపించడంలోని మర్మం ఇంతే. ఆ క్షణంలో బిడ్డ వెతికేది తాను నిద్రపోయేటప్పుడు ఉన్న పరిస్థితిని. ఊయలలో ఊగుతూ పడుకున్న బిడ్డ ఊయల ఎందుకు ఆగిందని ఏడుస్తుంది. సెల్‌ఫోన్ చూస్తూ పడుకున్న బిడ్డకు సెల్‌ఫోన్ కావాలి. పది నెలల నుండి ఏడాదిన్నర వరకు తల్లి కనబడకపోతే బెంగ మరీ ఎక్కువ. నడక నేర్చే రోజుల్లోనూ, జ్వరం తగ్గిన వారంలోనూ మెలకువలు పెరుగుతాయి, మళ్లీ తగ్గుతాయి.

రాత్రి ఏడ్చిన ఒక బిడ్డ ఉదంతం ఇబ్ను సఅద్ గ్రంథంలో నమోదై ఉంది. మదీనా వెలుపల ఒక వర్తక బృందం బస చేసింది. హజ్రత్ ఉమర్ (రజి), హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆ రాత్రి వారికి కాపలా కాశారు. ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించగా ఉమర్ (రజి) వెళ్లి బిడ్డను బాగా చూసుకొమ్మని తల్లికి చెప్పి వచ్చారు. కొంతసేపటికి మళ్లీ ఏడుపు. మళ్లీ అదే మాట. రాత్రి చివరి భాగంలో మూడోసారి ఏడుపు విని ఆమెను మందలించారు కూడా. అప్పుడు గానీ అసలు కారణం బయటపడలేదు. పాలు మాన్పించిన బిడ్డలకే ఖలీఫా భత్యం ఇస్తున్నారు కనుక, తాను తొందరపడి పాలు మాన్పిస్తున్నానని ఆమె చెప్పింది. ఎదుట ఉన్నది ఎవరో ఆమెకు తెలియదు. ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఆయన రోదన వల్ల ఖుర్ఆన్ పారాయణం స్పష్టంగా వినబడలేదట. ఆ వెంటనే పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ప్రకటించారు.

ఉమర్ (రజి) అంతటివారు మొదట తల్లినే తప్పుపట్టారు. అడిగి తెలుసుకున్నాక లోపం తాము పెట్టిన నియమంలో ఉన్నదని గ్రహించి దానిని మార్చారు. మన ఇంటి నియమాలనూ అలాగే ఒకసారి పరిశీలించుకోవాలి.

ఉద్దానం తీరంలో గడియారం ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. ఇక్కడ సూర్యుడు హైదరాబాద్ కంటే ఇరవై నిమిషాలకు పైగా ముందు ఉదయిస్తాడు, అంత ముందే అస్తమిస్తాడు. జూన్‌లో అయిదుంబావుకే ఎండ గడపలో ఉంటుంది. డిసెంబరులో అయిదున్నర కాకముందే మగ్రిబ్ అజాన్ వినిపిస్తుంది. టీవీ ధారావాహికలు మాత్రం రాష్ట్రమంతటికీ ఒకే వేళకు వస్తాయి. వాటిని అనుసరించి పది గంటలకు పడుకున్న బిడ్డను వెలుగు తన వేళకు తాను లేపేస్తుంది. కోల్పోయిన నిద్ర రాత్రి రాత్రికీ పేరుకుంటుంది. బాగా అలసిపోయిన పసివాడు మొద్దులా నిద్రపోతాడన్నది అపోహ. అలసట మితిమీరితే చికాకు హెచ్చి, మెలకువలే పెరుగుతాయి. ఏడాది నుండి రెండేళ్ల వరకు రోజుకు 11 నుండి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వారికి 10 నుండి 13 గంటలు నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. పగటి కునుకు కూడా ఈ లెక్కలోనిదే. 17 దేశాల పసిపిల్లల నిద్రను పోల్చి 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో న్యూజిలాండ్ పిల్లలు సగటున రాత్రి 7:27కే పడుకుంటే, హాంకాంగ్ పిల్లలు 10:17కు పడుకున్నారు. ఆలస్యం మన ఒక్కరి అలవాటే కాదన్నమాట. అయినా మన తీరానికి ఒక సౌలభ్యం ఉంది: చీకటి తొందరగా పడుతుంది. మగ్రిబ్ తరువాత అన్నం, ఇషా వేళకు పడక అన్నది ఇక్కడ కష్టమైన పని కాదు. ఇషా తరువాత కబుర్లతో కాలక్షేపాన్ని దైవప్రవక్త (సఅసం) ఇష్టపడేవారు కాదని హదీసుల్లో ఉంది. పెద్దలు పాటిస్తే పిల్లలకు వేరుగా నేర్పనక్కరలేదు.

పడుకోబెట్టే ముందు అరగంట ప్రతిరోజూ ఒకేలా గడవాలి. 2009లో ‘స్లీప్’ అనే వైద్య పత్రికలో జోడి మిండెల్ బృందం 405 మంది తల్లులపై జరిపిన పరిశీలన ప్రచురితమైంది. స్నానం, ఒంటికి మర్దనం, నెమ్మదైన కబుర్లు, ఆపై దీపం ఆర్పడం – ఈ వరుసను రెండు వారాలు తప్పక పాటించిన ఇళ్లలో రాత్రి మెలకువలు తగ్గాయి, తల్లుల మనసూ కుదుటపడింది. వారు మర్దనానికి లోషన్ వాడారు. మనకు కొబ్బరినూనె చాలు. ఉద్దానంలో దానికి కొదవా! ఆ తరువాత దుఆ చదివి, బిడ్డ కన్ను పూర్తిగా మూతపడకముందే పక్క మీద వేయాలి. తల్లి పక్కనే కూర్చొని చేయి వేసి ఉండవచ్చు. నిద్రలోకి జారే ఆ చివరి మెట్టు బిడ్డ తానే దిగడం అలవాటైతే, రెండు గంటలకు మెలకువ వచ్చినా అదే మెట్టు మళ్లీ తానే దిగగలుగుతాడు.

అలా కాక లేచి ఏడిస్తే దీపం పెద్దది చేయవద్దు, ఫోన్ తీయవద్దు, ఆటలాడించవద్దు. తక్కువ మాట, అదే మాట, మెల్లని స్పర్శ. రాత్రి ఏ ఆసక్తీ లేని సమయమని బిడ్డకు తెలియాలి. ‘ఏడవనివ్వండి, తానే ఊరుకుంటాడు’ అనే పడమటి పద్ధతి గురించి కొందరు అడుగుతుంటారు. ఒకే గదిలో నలుగురు పడుకునే మన ఇళ్లకు అది పొసగదు. పొసిగినా మేము దానిని సిఫారసు చేయం. ఆ పద్ధతిలోనూ ఫలితమిచ్చేది ప్రతి రాత్రి ఒకే తీరున స్పందించడమే. ఈ రాత్రి తల్లి జోకొట్టి, రేపు నానమ్మ పాలసీసా ఇచ్చి, ఎల్లుండి తండ్రి కసిరితే బిడ్డ ఏమని నేర్చుకోవాలి? నిశ్శబ్దం కోసం మాత్రం ఆరాటపడనక్కరలేదు. పలాస స్టేషన్ పక్క వీధుల్లో పుట్టిన పిల్లలు రాత్రంతా రైళ్లు పోతున్నా నిద్రపోతారు. కరెంటు పోయి ఫ్యాను ఆగినప్పుడు లేస్తారు. ఉక్క, దోమలే అసలు శత్రువులు. దోమతెర, పలచని నూలు బట్ట వాటికి తగిన ఏర్పాటు.

కొందరు పిల్లలు పడుకున్న గంటా రెండు గంటలకే కెవ్వుమని లేచి, కళ్లు తెరిచి ఉండీ తల్లిని గుర్తుపట్టరు. ఇళ్లలో దీనిని గాలి, జిన్ను అని తాయెత్తుల వారి దగ్గరకు పరుగెత్తడం చూస్తున్నాం. ఇది గాఢనిద్ర సగంలో చెదరడం. బిడ్డను కుదిపి లేపకుండా, పడిపోకుండా కాచుకుంటే కొద్ది నిమిషాల్లో తానే సర్దుకుంటాడు. ఉదయానికి గుర్తుండదు. తెల్లవారుజామున పీడకల వచ్చి లేచిన బిడ్డ వేరు. అతనికి అక్కున చేర్చుకోవడం కావాలి. ఆయతుల్ కుర్సీ చదివి ఊదే తల్లిని మేము వారించం. తాయెత్తుకు డబ్బు గుంజేవాడిని నమ్మవద్దంటాం.

మరొక హెచ్చరిక ఇంతకంటే ముఖ్యం. నిద్ర కోసం దగ్గుమందు, జలుబు సిరప్ పట్టే అలవాటు అక్కడక్కడ ఉంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన జలుబు మందు నాలుగేళ్ల లోపు వారికి వాడరాదని భారత ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులోనే ఆదేశించారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో కల్తీ దగ్గుమందులోని డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం పసిపిల్లల మూత్రపిండాలను దెబ్బతీసి ప్రాణాలు తీసింది. మూత్రపిండాల వ్యాధి ఎంతటి బాధో ఉద్దానం వారికి ఒకరు చెప్పాలా? వైద్యుడు రాయని సిరప్ ఏదీ నిద్ర కోసం బిడ్డ నోట పోయవద్దు.

మెలకువల వెనుక వైద్యం అవసరమైన కారణాలూ లేకపోలేదు. రాత్రి మలద్వారం దగ్గర దురదతో గింజుకుంటే నులిపురుగులు కావచ్చు. కాళ్లు కదుపుతూ స్థిమితం లేకుండా పొర్లే బిడ్డకు ఇనుము లోపం ఉండవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలలు దాటిన వారికి వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఐరన్ సిరప్ ప్రభుత్వమే ఇస్తుంది. అంగన్‌వాడీలోనో ఆశా కార్యకర్తనో అడగండి. రోజూ గురక పెడుతూ ఊపిరికి తడబడే బిడ్డను, చెవి పట్టుకొని ఏడ్చే బిడ్డను టెక్కలి ప్రభుత్వాసుపత్రికో, దగ్గరి పిల్లల వైద్యుని వద్దకో ఆలస్యం లేకుండా తీసుకువెళ్లాలి.

ఇక తల్లి సంగతి. నమాజులో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందో ఎరిగి దైవప్రవక్త (సఅసం) నమాజును కుదించేవారు. ప్రార్థనే కుదించబడినప్పుడు మన నిద్ర కొంత కుదించుకోలేమా? పాలు మాన్పించే విషయం తల్లిదండ్రులిద్దరూ సంప్రదించుకొని నిర్ణయించాలని సూరా బఖరా చెబుతుంది. రాత్రి కాపలా కూడా ఇద్దరి సంప్రదింపుల్లో తేలవలసిందే. పాలు తాగే బిడ్డ అయినా తెల్లవారుజామున తండ్రి ఎత్తుకుంటే తల్లికి వరుసగా నాలుగైదు గంటల నిద్ర దక్కుతుంది. ఇంట్లో మూత్రపిండాల రోగి ఉంటే లెక్క మరింత కఠినం. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటల డయాలసిస్. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైనా, రోగి వెంట వెళ్లవలసింది చాలా ఇళ్లలో ఆ కోడలే. బిడ్డను ఎత్తుకోవలసిన నానమ్మే మంచాన ఉంటుంది. అటువంటి ఇంట డయాలసిస్ ముందు రాత్రి ఆడపడుచో, మరిదో, పొరుగింటి ఖాలాయో బిడ్డను చూసుకునే వంతు ముందుగానే నిర్ణయించుకోవాలి. ఈ తీరంలో మన ఇళ్లు కొద్ది. పొరుగు ఏ మతంవారైనా అడగడానికి సంకోచం అక్కరలేదు.

భర్త గల్ఫ్‌లో ఉన్న ఇళ్లలో మరో చిన్న ఇబ్బంది. సౌదీలో రాత్రి ఎనిమిదికి పని ముగించుకొని ఆయన వీడియో కాల్ చేస్తే ఇక్కడ పదిన్నర అవుతుంది. నిద్రపోతున్న బిడ్డను లేపి అబ్బాను చూపిస్తారు. ఆపైన రెండు గంటలు ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. శుక్రవారం ఆయనకు సెలవు. జుమా ముగించి అక్కడ రెండు గంటలకు చేస్తే ఇక్కడ నాలుగున్నర – బిడ్డ మధ్యాహ్నపు కునుకు తీసి, ఏదో కాస్త తిని, నవ్వుతూ ఉండే వేళ.