తలుపు దగ్గరే మొదలెట్టండి

కొత్త కథకుల రాతప్రతుల్లో నాకు మొదటి పేజీతోనే పేచీ. సూర్యోదయం, కాఫీ, ఊరి వర్ణన, హీరోగారి చదువు... అసలు కథ మూడో పేజీలో ఎక్కడో ఆవులిస్తూ లేస్తుంది. గురజాడ 1910లో ‘దిద్దుబాటు’ను ఎక్కడ ఎత్తుకున్నాడో చూడండి: బాగా పొద్దుపోయి ఇంటికొచ్చిన మొగుడు తలుపు తీయమని పిలిచే చోట. అతనెవరో, ఎలాంటివాడో ముందు చెప్పలేదు. పెళ్లాం కనపడక పడే కంగారులోంచి మనకే తెలిసిపోతుంది. పరిచయాలు రాయొద్దనను. రాయండి, చెయ్యి వేడెక్కాలిగా! తర్వాత కొట్టేయండి. అందులో నిజంగా పనికొచ్చే ముక్క ఉంటే, సంభాషణల మధ్య దూరడానికి అదే సందు వెతుక్కుంటుంది. వర్ణన మీద మమకారం చావకపోతే వేరే నోటుబుక్కులో దాచుకోండి. నావి ఇప్పటికి రెండు నిండాయి.