రాబందులు పోయాక ఎందరు పోయారు?

ఒక నొప్పుల ఇంజెక్షన్, ఒక పక్షి, 5 లక్షల మనుషుల చావులు. ఈ మూడింటినీ ఒకే తాడుకు కట్టి 2024లో ఒక పరిశోధన వెలువడింది. రాబందులు కనుమరుగైన ఫలితంగా 2000 నుంచి 2005 మధ్య భారతదేశంలో అదనంగా సుమారు 5 లక్షల మంది మరణించారన్నది దాని సారాంశం. చేసినవారు షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాల్ ఫ్రాంక్, బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన అనంత్ సుదర్శన్. అది అచ్చయింది పక్షిశాస్త్ర పత్రికలో కాదు, వైద్య పత్రికలోనూ కాదు, ‘అమెరికన్ ఎకనమిక్ రివ్యూ’ అనే ఆర్థికశాస్త్ర పత్రికలో. వార్తల్లో అంకె గట్టిగానే మోగింది. అది ఎలా వచ్చిందన్న సంగతిని మాత్రం చాలాచోట్ల మూడు ముక్కల్లో తేల్చేశారు. ఏ డెత్ సర్టిఫికెట్‌లోనూ మరణ కారణం ‘రాబందు లేకపోవడం’ అని రాయరు కదా. మరి ఈ చావులను లెక్కపెట్టిందెలా?

ముందు ఆ పక్షి చేసే పని సంగతి చూడాలి. తెలుగులో రాబందుకు మంచి పేరు లేదు. అధిక వడ్డీలు గుంజేవాడు రాబందు, భూములు కబ్జా చేసేవాడు రాబందు. రావణుడితో తలపడి రెక్కలు పోగొట్టుకున్న జటాయువుకు దండం పెట్టే జనమే ఊరి బయట వాలే ఆ పక్షిని చూసి మొహం తిప్పుకున్నారు. నిజానికి దానంత చవకైన పారిశుధ్య కార్మికుడు ఈ దేశానికి మరొకరు దొరకలేదు. గుంపుగా వాలితే గంట తిరక్కుండానే ఒక ఆవు కళేబరాన్ని ఎముకల గూడుగా మిగులుస్తాయి. రాబందు కడుపులోని ఆమ్లం ఎంత ఘాటైనదంటే కుళ్లిన మాంసంలోని సూక్ష్మజీవుల్లో చాలావరకు అక్కడే చచ్చిపోతాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలో 53 కోట్లకు పైగా పశుసంపద ఉంది. వయసు మీరిన ఆవులు, ఎద్దుల్లో అత్యధికం కబేళాకు పోకుండా ఊళ్లోనే చనిపోతాయి. చర్మం ఒలిచాక మిగిలినదాన్ని ఊరి బయట పడేయడం, మిగతా పని ఆకాశం నుంచి దిగివచ్చేవాళ్లకు వదిలేయడం తరతరాల పద్ధతి. దానికి మునిసిపాలిటీ బడ్జెట్ అక్కర్లేదు.

ఆ పద్ధతి 1990ల్లో కుప్పకూలింది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ వద్ద కేవలాదేవ్ జాతీయ పార్కులో రాబందులు కళ్లముందే తరిగిపోతున్నాయని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్ ఆ దశాబ్దం చివర్లో నమోదు చేశారు. మెడలు వాల్చి కొమ్మల మీద కూర్చోవడం, కొన్నాళ్లకు కింద పడి చనిపోవడం. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందులు 99.9 శాతం అంతరించాయి. అంటే వెయ్యిలో మిగిలింది ఒక్కటి. పొడుగుముక్కు, సన్నముక్కు రాబందులు సుమారు 97 శాతం తగ్గాయి. ఆకాశంలో ఎప్పుడూ కనిపించేది కాబట్టి అది లేదన్న సంగతి జనం గమనించడానికి ఏళ్లు పట్టింది.

మొదట అందరూ అనుమానించింది ఏదో వైరస్‌ను. పురుగుమందుల మీదా అనుమానం వచ్చింది. గుట్టు విప్పింది పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో దొరికిన పక్షుల శవాలు. అమెరికా పశువైద్య శాస్త్రవేత్త లిండ్సే ఓక్స్ బృందం వాటిని కోసి చూస్తే గుండె, కాలేయం లాంటి అవయవాల మీద సుద్దపొడి చల్లినట్టు తెల్లటి పూత ఉంది. అది యూరిక్ ఆమ్లం. పక్షులు శరీరంలోని నత్రజని వ్యర్థాలను ఆ రూపంలోనే బయటికి పంపుతాయి. మూత్రపిండాలు చెడిపోతే అది లోపలే పేరుకుపోతుంది. మూత్రపిండాలను దెబ్బతీయగల వైరస్ కోసం, బాక్టీరియా కోసం, సీసం లాంటి లోహాల కోసం వెతికారు. ఏదీ కాదు. అప్పుడు ప్రయోగశాల వదిలి పశువుల మందుల షాపుల దారి పట్టారు. రాబందు తినేది చచ్చిన పశువును. ఆ పశువుకు చచ్చేముందు ఏం మందు ఇస్తున్నారు? జవాబు డైక్లోఫెనాక్. మోకాళ్ల నొప్పికి, నడుం నొప్పికి మనుషులు వాడే మందే. చవక రకాలు రావడంతో 1990ల్లో కుంటుతున్న ఎద్దుకూ జ్వరం వచ్చిన గేదెకూ అదే ఇవ్వసాగారు. అవయవాలపై తెల్లపూత ఉన్న 25 రాబందుల్లో 25 శరీరాల్లోనూ డైక్లోఫెనాక్ దొరికింది. పూత లేని 13 పక్షుల్లో ఒక్కదాంట్లోనూ లేదు. 2004లో ‘నేచర్’ పత్రిక ప్రచురించిన ఈ ఫలితం తర్వాత వాదనకు పెద్దగా చోటు మిగల్లేదు.

ఒక్క ప్రశ్న తప్ప. ప్రతి పశువుకూ ఇంజెక్షన్ ఇవ్వరు, ఇచ్చిన ప్రతి పశువూ చావదు. అలాంటప్పుడు కోట్లాది పక్షులు ఎలా పోతాయి? దీనికి జవాబు పదో తరగతి లెక్క. 200 కళేబరాల్లో ఒకదానిలోనే ప్రాణాంతకమైన మోతాదులో మందు ఉందనుకోండి. రాబందు మూడు రోజులకోసారి తిన్నా ఏడాదికి 120 భోజనాలు. ఒక్కో భోజనంలో గండం నూటికి అర వంతే. కానీ 120 సార్లూ తప్పించుకునే అవకాశం 55 శాతానికి పడిపోతుంది. అంటే ఏడాది తిరిగేసరికి దాదాపు సగం పక్షులు గల్లంతు. పైగా ఒక కళేబరం మీద వాలేది ఒక పక్షి కాదు, గుంపు. కనిపించిన క్షీణతకు 130 కళేబరాల్లో ఒకటి మొదలు 760లో ఒకటి విషమైతే చాలని శాస్త్రవేత్తలు 2004లోనే లెక్కగట్టారు.

ఇక మనుషుల సంగతి. రాబందులు తినని కళేబరం ఎక్కడికీ పోదు. కుక్కలకు, ఎలుకలకు మేత అవుతుంది. లేదా కాలువలోకి, చెరువులోకి చేరుతుంది. కుక్కలు పెరిగితే కాట్లు, కాట్లతో రేబిస్. నీళ్లు చెడితే విరేచనాలు, ఇతర అంటురోగాలు. ఇది ఊహించడం తేలికే. రుజువు చేయడమే కష్టం. అదే కాలంలో దేశంలో ఆర్థిక సంస్కరణలు వచ్చాయి, నగరాలు ఉబ్బాయి, ఆసుపత్రులు పెరిగాయి. మరణాల రేటులో మార్పు వస్తే అది దేనివల్లనని చెప్పాలి?

ఇక్కడే ఆర్థికవేత్తల పాత చిట్కా పనికొచ్చింది. ఒకే వీధిలో రెండు టిఫిన్ సెంటర్లున్నాయనుకోండి. ఏళ్లుగా రెండింటి గిరాకీ కలిసి పెరుగుతోంది, కలిసి తగ్గుతోంది. ఒకరోజు మొదటి సెంటర్‌లో వంటమాస్టర్ మానేశాడు. ఆ నెల నుంచి అక్కడ గిరాకీ పడిపోయింది, రెండోచోట పడలేదు. వానలు, పండగలు, పరీక్షల సెలవులు రెండింటికీ ఒకటే. కాబట్టి తేడా వంటమాస్టర్‌దేనని ఎవరైనా చెబుతారు. ఫ్రాంక్, సుదర్శన్ చేసింది జిల్లాలతో ఇదే పని. ఒకవైపు రాబందుల నివాసానికి బాగా అనువైన జిల్లాలు, మరోవైపు సహజంగానే అవి పెద్దగా ఉండని జిల్లాలు. ఏ జిల్లాలో ఎన్ని రాబందులు ఉండేవన్న పాత లెక్క ఎవరి దగ్గరా లేదు కాబట్టి వాటి ఆవాసాల పటాలను ఆధారం చేసుకున్నారు. పశువులకు డైక్లోఫెనాక్ వాడకం మొదలైన 1994 దాకా రెండు రకాల జిల్లాల్లోనూ మరణాల రేటు గీతలు పక్కపక్కనే నడిచాయి. తర్వాత విడిపోయాయి. రాబందుల జిల్లాల్లో మరణాలు 4 శాతానికి పైగా ఎక్కువయ్యాయి.

నాలుగు శాతం అంటే ఎంత? 10 లక్షల జనాభా ఉన్న జిల్లాలో ఏటా వెయ్యికి ఎనిమిదిన్నర చొప్పున 8,500 మంది చనిపోతారనుకుంటే అందులో 4 శాతం 340 మంది. ఊరూరా పంచితే ఏడాదికి ఒకరో ఇద్దరో. ఏ సర్పంచ్‌కూ ఏ కలెక్టర్‌కూ కంటికి ఆనని సంఖ్య. అలాంటి జిల్లాలన్నీ కలిపి, ఐదేళ్లు కూడితే 5 లక్షలు.

టిఫిన్ సెంటర్ పోలికకు ఒక బలహీనత ఉంది. వంటమాస్టర్ మానేసిన నెలలోనే ఆ సెంటర్ ముందు మురుగు కాలువ తవ్వి ఉండొచ్చు. జిల్లాల విషయంలోనూ అలాంటిదేదో జరగలేదని నూటికి నూరుపాళ్లు చెప్పలేరు. అందుకే పక్క ఆధారాలు ముఖ్యం. రాబందుల జిల్లాల్లో రేబిస్ టీకాల అమ్మకాలు పెరిగాయి, వీధికుక్కలు ఎక్కువగా ఉన్నాయి, నీటి నాణ్యత దిగజారింది. మరణాల పెరుగుదల ఎక్కువగా కనిపించింది పశువులు అధికంగా ఉన్న పట్టణ ప్రాంతాల్లో. పారేసే కళేబరాలు ఎక్కువ, పారేయడానికి చోటు తక్కువ ఉండేది అక్కడే మరి. ఇవన్నీ ఒకే దిక్కున వేలు చూపిస్తున్నాయి. ఎవరు కుక్కకాటుతో పోయారు, ఎవరు కలుషిత నీటితో పోయారన్న విడివిడి లెక్క మాత్రం ఇందులో లేదు. 5 లక్షలను మనిషి మనిషినీ లెక్కపెట్టిన సంఖ్యగా కాక, అంచనాగా చదువుకోవాలి. ఇంతకుముందు 2008లో వచ్చిన మరో అధ్యయనం 1992-2006 మధ్య కుక్కలు 55 లక్షలు పెరిగాయని, రేబిస్‌తో అదనంగా 47,300 మంది చనిపోయారని చెప్పింది. రెండు అంకెలూ కొట్టుకోవు. అది రేబిస్ ఒక్కటే లెక్కించింది, ఇది అన్ని చావులనూ. ఈ నష్టం ఏడాదికి 6,940 కోట్ల డాలర్లన్న లెక్కనూ పరిశోధకులు ఇచ్చారు. ప్రాణానికి ధర కట్టి గుణించిన ఆ సంఖ్య విధాన నిర్ణేతల ఫైళ్లకు పనికొస్తుందేమో గానీ, మరణాల లెక్క చెప్పనిదేదీ కొత్తగా చెప్పదు.

పశువులకు డైక్లోఫెనాక్‌ను భారత్, నేపాల్, పాకిస్తాన్ 2006లో, బంగ్లాదేశ్ 2010లో నిషేధించాయి. దానికి బదులు వాడదగిన మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని 2006లోనే తేలింది. అయినా మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువుల పాకల్లోకి చేరుతూనే వచ్చాయి. 2015లో మన ప్రభుత్వం మనుషుల ఇంజెక్షన్‌ను 3 మిల్లీలీటర్ల ఒకే మోతాదు సీసాకు పరిమితం చేసింది. అంత చిన్న సీసాలు ఎన్నో పగలగొడితే గానీ ఒక గేదెకు సరిపోదు. చాలా తెలివైన అడ్డుకట్ట, తొమ్మిదేళ్లు ఆలస్యంగా వచ్చింది. ఈలోగా అసిక్లోఫెనాక్ అనే మరో మందు వాడకంలోకి వచ్చింది. పశువు శరీరంలోకి వెళ్లాక అది మారేది డైక్లోఫెనాక్‌గానే! పేరు మార్చుకున్న పాత విషాన్ని, దానితోపాటు కీటోప్రోఫెన్‌ను 2023లో నిషేధించారు. ఒక్కో మందు రాబందులను చంపుతుందని తేలాక దాని మీద వేటు వేయడమే ఇప్పటిదాకా నడిచిన తీరు. అమ్మకానికి ముందే ఆ పరీక్ష చేయాలని శాస్త్రవేత్తలు అడుగుతున్నారు.

పోయినవి అంత త్వరగా తిరిగిరావు. రాబందు గుడ్డు పెట్టే వయసుకు రావడానికి దాదాపు ఐదేళ్లు, ఆ తర్వాత ఏడాదికి ఒకటే గుడ్డు. హర్యానాలోని పింజోర్‌లో, హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో వాటి పెంపకం సాగింది. ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట కొండ అంచుల మీద పొడుగుముక్కు రాబందుల స్థావరం 2013లో బయటపడినప్పుడు అటవీ అధికారులు దాన్ని నిధి దొరికినట్టే చూసుకున్నారు. నేపాల్ కథ మరికొంత ఆశాజనకంగా ఉంది. అక్కడ తెల్లవీపు రాబందులు మళ్లీ పెరగడం మొదలైంది. నవల్‌పరాసీ ప్రాంతంలోని పిఠౌలీలో గ్రామస్థులే ‘జటాయు రెస్టారెంట్’ నడుపుతున్నారు. ముసలి ఆవులను తెచ్చి, డైక్లోఫెనాక్ ఇవ్వకుండా మేపి, వాటంతటవి చనిపోయాక మైదానంలో ఉంచుతారు. ఆ విందును దూరం నుంచి చూడటానికి వచ్చే పర్యాటకుల దగ్గర టికెట్ డబ్బు వసూలు చేస్తారు.