హిస్టరీ చదివితే ఏమొస్తుంది?

జనవరి దగ్గర పడిందంటే ఇంగ్లండ్‌లో చాలా తెలుగు ఇళ్ళలో ఒకటే గొడవ. యూకాస్ ఫారం గడువు ముంచుకొస్తుంటుంది. పిల్ల ఏ-లెవెల్స్‌లో ఇంగ్లిష్, హిస్టరీ, ఫ్రెంచ్ తీసుకుని, డిగ్రీ కూడా అందులోనే చేస్తానంటుంది. అమ్మా నాన్నా ఇద్దరూ ఐటీ. "చదువుకో తల్లీ, వద్దనలేదు. చదివాక ఏం చేస్తావు?" అంటాడు నాన్న. దానికి పిల్ల దగ్గర జవాబుండదు. పదిహేడేళ్ళకి ఎవరి దగ్గర మాత్రం ఉంటుంది చెప్పండి? మనల్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు కాబట్టి మనం బతికిపోయాం.

ఈ మధ్య ఇద్దరు ముగ్గురు మిత్రులు ఇదే విషయం కదిపారు. ఆర్ట్స్ డిగ్రీకి అంత డబ్బు పెట్టడం దండగా, కాదా? ఫోన్లో పది నిమిషాల్లో తేలేది కాదని ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన లెక్క ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. మా తరానికి ఇంటర్ అంటే ఎంపీసీ, కాకపోతే బైపీసీ. హెచ్ఈసీ తీసుకున్నాడంటే "పాపం, మార్కులు రాలేదేమో" అనేవాళ్ళు. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఊరి పొలిమేరల్లో ఉన్న కాలేజీలు కూడా నిండిపోయాయి. మెకానికల్ చదివినవాడు, సివిల్ చదివినవాడు అందరూ సాఫ్ట్‌వేర్‌లోనే తేలారు. అంటే మనకి బీటెక్ చదువుకంటే ముందు ఒక గేటు పాసు. ఆ పాసు లేనివాణ్ణి క్యాంపస్ ఇంటర్వ్యూలో కూర్చోనివ్వరు. కాబట్టి అక్కడ మన పెద్దవాళ్ళ లెక్క తప్పు కాదు.

ఇక్కడ గేట్లు వేరే చోట ఉన్నాయి. సివిల్ సర్వీస్ ఫాస్ట్ స్ట్రీమ్‌లో చాలా శాఖలకి, పెద్ద అకౌంటింగ్ కంపెనీల గ్రాడ్యుయేట్ స్కీములకి ఏ సబ్జెక్టు డిగ్రీ అయినా పనికొస్తుంది. హిస్టరీ చదివి, ఆ తర్వాత కన్వర్షన్ కోర్సు చేసి లాయర్లయినవాళ్ళు బోలెడుమంది. మన ఆఫీసుల్లోనే చూడండి, ప్రోడక్ట్ మేనేజర్లలో ఎంతమంది క్లాసిక్స్, ఫిలాసఫీ చదివినవాళ్ళు తగులుతారో. డాక్టరో ఇంజనీరో కావాలంటే తప్ప సబ్జెక్టు ఒక్కటే దారి మూసెయ్యదు.

అలాగని అంతా బాగుందని చెప్పను. ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ వాళ్ళు 2020లో ఒక నివేదిక ఇచ్చారు. ట్యాక్సులు, లోన్ కట్టుబడులు పోగా డిగ్రీ వల్ల జీవితకాలంలో మిగిలేది సగటున మగవాళ్ళకి 1,30,000 పౌండ్లు, ఆడవాళ్ళకి 1,00,000 పౌండ్లు అని తేల్చారు. అదే నివేదిక ప్రకారం ప్రతి ఐదుగురిలో ఒకరు అసలు డిగ్రీ చదవకపోతేనే డబ్బుపరంగా మెరుగ్గా ఉండేవారు. మెడిసిన్, ఎకనామిక్స్ పైన ఉన్నాయి, క్రియేటివ్ ఆర్ట్స్ అట్టడుగున. ఒకే సబ్జెక్టు కూడా యూనివర్సిటీని బట్టి బాగా మారిపోతుంది. కాబట్టి "ఆర్ట్స్" అని ఒకే గంపకింద కప్పెయ్యడం కుదరదు.

సరే, రాబడి సంగతి అది. మరి ఖర్చు? మనవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

ఇంగ్లండ్‌లో 1998లో ఏడాదికి 1,000 పౌండ్లతో మొదలైన ఫీజు 2006లో 3,000, 2012లో 9,000 అయింది. 2025-26కి 9,535. మూడేళ్ళకి కేవలం ఫీజే 28,605 పౌండ్లు. వినగానే గుండె గుభేలుమంటుంది. ఎందుకంటే మనకి లోన్ అంటే బ్యాంకు మేనేజరు, నాన్న సంతకం, ఇంటి కాగితాలు, ఉద్యోగం వచ్చినా రాకపోయినా నెల తిరిగేసరికి ఈఎమ్‌ఐ.

ఇక్కడి స్టూడెంట్ లోన్ ఆ జాతి కాదు. 2023 ఆగస్టు నుంచి చేరిన ఇంగ్లండ్ పిల్లలకి వర్తించే ప్లాన్ 5 ప్రకారం, జీతం 25,000 పౌండ్లు దాటాక, దాటిన మొత్తం మీద మాత్రమే 9 శాతం కోస్తారు. 30,000 జీతమైతే ఏడాదికి 450 పౌండ్లు, అంటే నెలకి 37న్నర. ఉద్యోగం పోతే కోత ఆగిపోతుంది. నలభై ఏళ్ళ తర్వాత మిగిలింది రద్దు. ఇంటి కాగితాలు ఎవరూ అడగరు. పేరుకి అప్పే గానీ తీరు చూస్తే ట్యాక్సులాంటిది. నలభై ఏళ్ళ ట్యాక్సు చిన్నదేం కాదు, నిజమే. కానీ అది మనిషిని ముంచే అప్పు మాత్రం కాదు. స్కాట్లండ్‌లో ఉంటున్న అక్కడి పిల్లలు అక్కడే చదివితే అసలు ఫీజే కట్టక్కర్లేదు.

ఇంకో ఖర్చుంది. హాస్టలుకీ తిండికీ ఇచ్చే మెయింటెనెన్స్ లోన్ తల్లిదండ్రుల ఆదాయం పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఇద్దరూ ఐటీలో ఉన్న ఇంటికి బాగా తక్కువ వస్తుంది. ఆ లోటు పూడ్చాల్సింది మనమే. నిజంగా మన జేబుకి తగిలేది ఇదే గానీ ఫీజు కాదు.

ఇప్పటిదాకా చెప్పిందంతా "హోమ్" స్టూడెంట్ల సంగతి. అసలు తేడా ఇక్కడుంది.

స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చిన కుటుంబంలో పిల్ల పదో ఏట వచ్చి ఇక్కడి బళ్ళోనే చదివి ఉండొచ్చు. యాస కూడా ఇక్కడిదే అయిపోయి ఉండొచ్చు. అయినా కోర్సు మొదలయ్యే నాటికి ఐఎల్‌ఆర్ రాకపోతే ఆమెని మామూలుగా ఓవర్సీస్ స్టూడెంటుగానే లెక్కవేస్తారు. చాలా చోట్ల ఆర్ట్స్ కోర్సులకే ఆ ఫీజు ఏడాదికి 20,000 పౌండ్లు దాటుతుంది. గవర్నమెంటు లోన్ రాదు. ఐఎల్‌ఆర్‌కి పట్టే ఐదేళ్ళని పదేళ్ళు చేస్తామని 2025 మేలో శ్వేతపత్రం తెచ్చారు కాబట్టి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ ఇళ్ళకి తగలబోతోంది.

అంటే పక్కపక్క ఇళ్ళ ఇద్దరు ఆడపిల్లలు ఒకే కాలేజీలో ఒకే హిస్టరీ డిగ్రీ చదవొచ్చు. ఒకరికి అది నెలకి 37 పౌండ్ల కోత. ఇంకొకరికి ఊళ్ళో పొలం. దండగా కాదా అన్న ప్రశ్నకి ఆ ఇద్దరికీ ఒకే జవాబు చెప్పేవాళ్ళని నమ్మకండి.

డబ్బు చదువుని నిర్ణయించడం కొత్తేమీ కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఫిలాసఫీ తీసుకోవడానికి కారణం, చదువు పూర్తయిన ఒక బంధువు తన పాఠ్యపుస్తకాలు ఇచ్చెయ్యడమే. కొనే ఖర్చు తప్పుతుందని అదే చదివారు. 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో స్పాల్డింగ్ ప్రొఫెసర్ అయ్యారు. ఫిలాసఫీ చదివిన ప్రతివాళ్ళూ ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్లవుతారని కాదు నేననేది. ఖర్చు చూసుకుని చదువు ఎంచుకోవడం తప్పూ కాదు, చిన్నతనమూ కాదు. అంతవరకే.

నా జవాబు ఇది. హోమ్ ఫీజు వర్తించే పిల్లకి నిజంగా ఆ సబ్జెక్టు మీద ఇష్టముంటే, పరీక్ష లేకపోయినా ఆ పుస్తకాలు చదువుతుంటే, మంచి యూనివర్సిటీలో సీటొస్తే, అడ్డుపడకండి. ఓవర్సీస్ ఫీజయితే మాత్రం ఆస్తి తాకట్టు పెట్టి ఆర్ట్స్ డిగ్రీ కొనొద్దు. ఐఎల్‌ఆర్ ఏడాదిలో వచ్చేలా ఉంటే ఆ ఏడాది ఆగండి. ఫీజు స్టేటస్ చూసేది కోర్సు తొలి విద్యాసంవత్సరం మొదటి రోజుకే. అది యూనివర్సిటీని ముందే రాతపూర్వకంగా అడిగి తేల్చుకోండి. స్టేటస్ వచ్చాక, ఉద్యోగం చేసుకుంటూ ఓపెన్ యూనివర్సిటీలో చదివే దారి కూడా ఉంది.

మనం లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే ఈలోపు కోర్సులే మూతపడుతున్నాయి. షెఫీల్డ్ హాలం 2022లో ఇంగ్లిష్ లిటరేచర్ డిగ్రీని ఆపింది. మార్లో పుట్టిన కాంటర్‌బరీలో క్రైస్ట్ చర్చ్ యూనివర్సిటీ కూడా 2025 నుంచి అదే పని చేసింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఈ చదువులకి వచ్చిన ముప్పేమీ లేదు. ఇంటి దగ్గర ఉండి బస్సెక్కి వెళ్ళి చదువుకోవాలనుకునే పిల్లలకే నష్టం. సాహిత్యం, చరిత్ర డబ్బున్న ఇళ్ళ పిల్లలకే మిగిలిపోతే, ఈ దేశంలో మన కథ రాసేది మన పిల్లలు కాదు, వాళ్ళే.