ఒంటి మీద పెనం రంగు

పుల్కా మీద గోధుమ మచ్చలు ఎలా పడతాయో, నూనెలో ఉల్లిపాయ ఎలా ఎర్రబడుతుందో వంటింట్లో రోజూ చూస్తాం. చక్కెరలూ ప్రొటీన్లూ వేడికి కలిసి చేసే పని అది. మైలార్డ్ చర్య అంటారు. ఎండలో నిలబడకుండానే చర్మం రాగిరంగుకు తిరుగుతుందని అమెరికాలో, యూరప్‌లో అమ్మే లోషన్లు మనిషి ఒంటి మీద చేసేదీ ఇదే. ఆ పదార్థం పేరు డైహైడ్రాక్సీఅసిటోన్. అదీ ఒక చక్కెరే. పొయ్యి ఒక్కటే లేదు.

1950ల్లో అమెరికాలోని సిన్సినాటిలో ఈవా విట్‌గెన్‌స్టీన్ అనే పరిశోధకురాలు జబ్బు పిల్లలకు దీన్ని తాగిస్తుంటే, ఒలికిన చోటల్లా చర్మం గోధుమరంగైంది. ఆ మరకే సరుకైంది. 1960లో కాపర్‌టోన్ కంపెనీ సీసాలో పోసి అమ్మింది.

2004లో డెన్మార్క్ శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో పెంచిన చర్మకణాల మీద దీన్ని వేసి చూశారు. డీఎన్ఏ దెబ్బతింది, విభజన ఆగింది, కణాలు చచ్చాయి. ‘గాజుపళ్లెంలో కణాలు వేరు, మనిషి వేరు, ఇది పైనున్న చచ్చిన పొరలోనే ఆగిపోతుంది’ అంటారు అమ్మేవాళ్లు. సరే, ఆ మాటే పట్టుకుందాం. ఊపిరితిత్తుల్లో చచ్చిన పొర ఎక్కడుంది? కంటిలో ఎక్కడుంది? 1970ల్లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని ఒంటికి పైపూతగా మాత్రమే ఒప్పుకుంది. పీల్చడానికి కాదు, కళ్లకూ పెదవులకూ కాదు. అయినా స్ప్రే టానింగ్ బూత్‌లో మనిషిని నిలబెట్టి దీన్ని నలువైపులా పొగమంచులా చిమ్ముతున్నారు. ఊపిరి బిగబట్టుకుని ఎంతసేపు నిలబడతారు ఎవరైనా? ఇది నిర్లక్ష్యం కాదు, తెలిసి చేస్తున్న తప్పు.

రంగు వచ్చింది కదా, ఇక ఎండ ఏం చేయదనుకోవడం ఇంకో ప్రమాదం. జర్మనీలో కొలిచి చూస్తే, పూత పూసిన చర్మం ఎండ తగిలినప్పుడు మామూలు చర్మం కన్నా 180 శాతం పైగా అదనంగా, కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను పుట్టించింది. సన్‌స్క్రీన్ మానేసి బీచ్‌కి వెళ్లేవాళ్లకు ఈ ముక్క ఎవరు చెబుతున్నారు?

అతినీలలోహిత దీపాల టానింగ్ పడకల కన్నా ఇది మేలు, కాదనను. ఆ పడకలు క్యాన్సర్ కారకాలని 2009లోనే తేలిపోయింది. విషంతో పోల్చి మేలనిపించుకున్నంత మాత్రాన మంచిదైపోదు. యూరోపియన్ యూనియన్ 2021లో లోషన్‌లో ఈ పదార్థం 10 శాతానికి మించకూడదని చట్టం చేసింది. అంత నిరపాయమైతే ఆ గీత ఎందుకు గీసినట్టు?

ఆ దేశాల్లో చదువుకుంటున్న మన పిల్లలు ఎవరైనా ఆ బూత్ గడప తొక్కితే, ముందు కళ్లకు అద్దాలు, ముక్కుకు క్లిప్పు, పెదవులకు పూత అడగమనండి. లేవంటే డబ్బు వెనక్కి తీసుకుని బయటికి వచ్చేయమనండి.