వబుల్ వేగం.. తీన్మార్ తాళం

“అన్నా, ఇజ్జత్ పోయింది” అన్నాడు ఫోన్ ఎత్తగానే.

కోరుట్ల తమ్ముడు. వయసు ఇరవై. వాళ్ల నాన్న దుబాయ్ నుంచి పంపిన పైసలతో ల్యాప్‌టాప్ కొనుక్కుని, ఎఫ్ఎల్ స్టూడియోలో రెండేళ్లుగా రీమిక్సులు కొడుతున్నాడు. ఈమధ్య జగిత్యాల దగ్గర ఒక పెళ్లి బరాత్‌కు ట్రాక్ చేసిచ్చాడు. హెడ్‌ఫోన్‌లో అదిరిపోయింది. బరాత్‌లో డీజే బండి ముందు డప్పు టీమ్ కూడా ఉంది. పాట మధ్యలో వబుల్ బేస్ మొదలైంది.. వావ్ వావ్ వావ్.. అంతే! డప్పోళ్ల దరువు ఒక దిక్కు, బాక్సుల ఊపు ఇంకో దిక్కు. ఎగిరేటోళ్లకు కాలు ఎక్కడ వేయాలో తెలియలేదు. టీమ్‌లో పెద్దాయన చేతిలో సిర్ర పైకెత్తి “ఆ డబ్బా బంద్ పెట్టు బిడ్డా” అన్నాడట. పెళ్లికొడుకు దోస్తులందరి ముందు.

ఫైల్ పంపమన్నాను. విన్నాను. తప్పు డప్పుది కాదు.

వబుల్ అంటే ఏంటో తెలియనివాళ్లు ఒక పని చేయండి. ఫోన్ పక్కన పెట్టి, గట్టిగా “ఆ..” అంటూ అరచేతిని నోటికి అడ్డం పెట్టి తీస్తూ ఉండండి. వావ్ వావ్ అని వస్తుంది కదా? అదే. మీ గొంతు సింథ్. చెయ్యి మూసినప్పుడు పదునైన శబ్దం ఆగి, మొద్దు శబ్దం మాత్రమే బయటికి వస్తుంది. అది లో పాస్ ఫిల్టర్ చేసే పని. ఆ చేతిని ఆడించేది ఎల్ఎఫ్ఓ. అది కూడా ఒక తరంగమే, కానీ మన చెవి పట్టుకునే 20 హెర్ట్జ్ కంటే నెమ్మదిగా ఊగుతుంది. కాబట్టి అది శబ్దంగా వినపడదు, శబ్దాన్ని ఊపుతుందంతే. చెయ్యి ఎంత స్పీడుగా ఆడాలో చెప్పే నాబ్ పేరు రేట్. పాటలో ఎక్కడ ఏ స్పీడు ఉండాలో ముందే గీసి పెట్టడమే ఆటోమేషన్.

ఈ ఊపు 2000ల మొదట్లో దక్షిణ లండన్‌లో పుట్టిన డబ్‌స్టెప్‌తో ఊరూరా పాకింది. వాళ్ల టెంపో 140 బీపీఎం దగ్గర తిరుగుతుంది. లెక్క ఎక్కువగా రెండు, నాలుగు, ఎనిమిది. ట్రిప్లెట్లు, అంటే ఒక బీట్‌ను మూడు ముక్కలు చేయడం, వాళ్లకూ తెలుసు. కానీ మసాలాలాగా అక్కడక్కడ చల్లుతారు. మనకు అది మసాలా కాదు, అన్నం. తీన్మార్ నడిచేదే మూడు దెబ్బల మీద.

తమ్ముడి ట్రాక్ 100 బీపీఎం. అంటే బీట్‌కు 0.6 సెకను. రేట్ 1/8 పెడితే బీట్‌కు రెండు ఊపులు, ఒక్కోటి 0.3 సెకను. 1/16 పెడితే నాలుగు. అదే 1/8 ట్రిప్లెట్ పెడితే మూడు, ఒక్కోటి 0.2 సెకను. డప్పు మూడు కొడుతుంటే బేస్ నాలుగు ఊగితే ఏమవుతుంది? హెడ్‌ఫోన్‌లో అది స్టైల్‌గానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ డప్పు లేదు. రోడ్డు మీద కొట్లాట అవుతుంది.

అది ఒక్కటే అయితే బాగుండు. యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని టెంపో సింక్ ఆపేసి, రేట్‌ను హెర్ట్జ్‌లో పెట్టాడు. 5 హెర్ట్జ్. 100 బీపీఎంలో అది సరిగ్గా బీట్‌కు మూడు ఊపులే, లెక్క బానే ఉంది. కానీ ఆ భాగంలో జోష్ కోసం టెంపోను 104కు పెంచాడు. ఇప్పుడు కావాల్సింది 5.2 హెర్ట్జ్. తేడా 0.2 మాత్రమే, కానీ ఐదు సెకన్లు తిరిగేసరికి ఒక పూర్తి ఊపు వెనకబడిపోతుంది.

సిరిసిల్లలో సాంచాల షెడ్డులో ఎప్పుడైనా నిలబడ్డారా? పక్కపక్కన రెండు సాంచాలు. కాసేపు రెండూ ఒకే తాళంలో కొట్టినట్టు ఉంటాయి. మనకు హాయిగా అనిపించేలోపే విడిపోతాయి. మళ్లీ ఎప్పుడో కలుస్తాయి. దేని మోటారు దానిదే కదా. సింక్ లేని ఎల్ఎఫ్ఓ అచ్చం అదే. తమ్ముడికి ఇట్లా చెప్పగానే అర్థమైంది. వాళ్ల మేనమామది సిరిసిల్లే.

ఇక ఆటోమేషన్ సంగతి. రేట్ నాబ్ మీద రైట్ క్లిక్ చేసి క్రియేట్ ఆటోమేషన్ క్లిప్ నొక్కితే గీత వస్తుంది. బయటి ప్లగిన్ అయితే నాబ్‌ను ఒకసారి కదిపి, టూల్స్ మెనూలో లాస్ట్ ట్వీక్డ్‌లోకి వెళ్లాలి. చాలామంది ఇక్కడే దొరికిపోతారు. నెమ్మది నుంచి స్పీడుకు ఏటవాలు గీత గీస్తారు. చూడ్డానికి అందంగా ఉంటుంది. కానీ సింక్‌లో ఉన్న రేట్ నాబ్ మెట్ల లాంటిది. 1/4 నుంచి 1/16కు జారేటప్పుడు మధ్యలో ఉన్న ప్రతి మెట్టు మీదా కాలు పెడుతుంది. ప్రతిచోటా తడబాటే. ఏటవాలు వద్దు, పాయింట్ మీద రైట్ క్లిక్ చేసి హోల్డ్ పెట్టండి. తర్వాతి పాయింట్ దాకా విలువ కదలదు, అక్కడ ఒక్కసారిగా దూకుతుంది. ఆ దూకుడు కూడా బీట్ మొదట్లోనే ఉండాలి. ఎల్ఎఫ్ఓ ప్రతి నోట్‌కూ మొదటి నుంచి మొదలయ్యేలా రీట్రిగర్ ఆన్ చేసుకోండి. లేకపోతే స్పీడు సరిపోయినా ఊపు సగంలో మొదలవుతుంది. డబ్బుల్లేవు అనేవాళ్లకు వైటల్ అనే సింథ్ ఫ్రీగా దొరుకుతుంది, దాని ఎల్ఎఫ్ఓలో ట్రిప్లెట్ ఆప్షన్ విడిగానే ఉంది. క్రాక్ వెర్షన్లు వెతికి వైరస్‌లు ఎక్కించుకోకండి.

నన్నడిగితే బరాత్ పాటకు రేట్ జోలికే పోను. ఎల్ఎఫ్ఓ తీసేసి, ఫిల్టర్ కటాఫ్‌కే ఆటోమేషన్ పెట్టి, బీట్‌కు మూడు గుట్టలు చేత్తో గీస్తాను. మొదటి గుట్ట పెద్దది, మిగతా రెండు చిన్నవి. టైం పడుతుంది. కానీ డప్పులో ఒక దెబ్బ పెద్దగా, ఒకటి చిన్నగా పడుతుంది కదా, ఆ మనిషి చెయ్యి ఇందులోకి వస్తుంది.

ఇంకో మాట. అన్నిటికంటే కింద ఉండే సబ్ బేస్‌ను ఊపకండి. దాన్ని వేరే ట్రాక్‌లో నిటారుగా ఉంచి, పైన ఉన్న పొరను మాత్రమే ఊపండి. మన ఫోన్ స్పీకర్ ఆ కింది శబ్దాన్ని ఎట్లాగూ వినిపించలేదు. పై పొరకు కొంచెం డిస్టార్షన్ ఇస్తే స్టేటస్‌లో పెట్టినా ఊపు తెలుస్తుంది. బాక్సుల మీద ఎంత పెంచాలి అనేది వేరే గొడవ. రాత్రి పది దాటితే మైక్ బంద్ అనేది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. హైదరాబాద్ పోలీసులైతే 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. బేస్ పొడవు పెంచలేక వాల్యూమ్ పెంచే వాళ్ల పుణ్యమే ఇదంతా అని నా అనుమానం.

తమ్ముడు వారం కూర్చున్నాడు. కొత్త ఫైల్‌ను నాకంటే ముందు ఆ డప్పు పెద్దాయనకు వినిపించాడట, ఫోన్‌లోనే. ఆయన రెండుసార్లు విని, వేళ్లతో తొడ మీద కొట్టుకుని, “ఇప్పుడు మంచిగుంది. కానీ ఆ గుర్‌గుర్ స్పీడు అప్పుడే పెంచకు. మేము దరువు మార్చినంక పెంచు” అన్నాడట.

“ఎన్ని బార్ల తర్వాత మారుస్తరు తాతా అని అడిగితే నవ్విండన్నా. జనం ఎగిరినదాన్ని బట్టి అన్నడు. ఇప్పుడు దీన్ని ఆటోమేషన్‌లో ఎట్ల గీయాలె?”

గీయొద్దురా. ఆ నాబ్‌ను కంట్రోలర్‌కు లింక్ చేసుకో, ఆయన చెయ్యి చూస్తూ తిప్పు అన్నాను. వచ్చే నెల మెట్‌పల్లిలో ఇంకో బరాత్ ఉందట. కంట్రోలర్ కోసం వెతుకుతున్నాడు, సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదంటున్నాడు.